కార్తీకంలో వేణ్ణీళ్ళు

నేను పదవీ విరమణ చేసిన రోజు సభలో ముఖ్య అతిథి నన్ను ‘ఫార్మసీ మేడమ్’ అన్నారు. వేదిక మీద ఉన్న ఒక్కరూ సరిదిద్దలేదు. శాలువా కప్పించుకుంటూనే ఆయనకు చెప్పాను, నాది ఫార్మకాలజీ అని, మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో చెప్పే శాస్త్రమని. ఆయన నవ్వి, ‘రెండూ మందులే కదమ్మా’ అన్నారు. ఆనాటి ఫొటోలో నా ముఖం ఎందుకలా ఉందని మా చెల్లెలు ఇప్పటికీ అడుగుతుంది.

ఈ ఏడాది ఫార్మకాలజీ పీజీలో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో చాలామంది ఇష్టపడి చేరలేదని నాకు తెలుసు. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఆగుతుందో మీకు వేరేవాళ్ళు చెబుతారు. నేను ఒక్క రోగి గురించి చెబుతాను. నాకున్నది ఆ ఒక్కడే.

వార్డు లేని డాక్టరు

నేను కోరుకున్నది జనరల్ మెడిసిన్. కౌన్సెలింగులో నా వంతు వచ్చేసరికి ఆఖరి సీటు నా ముందున్నవాడు తీసుకున్నాడు. అతను నా సహాధ్యాయే. తర్వాత మా కాలేజీ ఆసుపత్రిలోనే మెడిసిన్ యూనిట్‌కు చీఫ్ అయ్యాడు. నేను అక్కడే ఫార్మకాలజీలో మిగిలాను.

మొదటి రోజుల్లో మాకు కప్పలుండేవి. కప్ప కండరాన్ని దారంతో కట్టి, మందు చుక్కలు వేస్తే, పొగపట్టించిన కాగితం మీద ముల్లు ఎగిరి గీత గీసేది. తర్వాత కప్పలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. కప్పా కంప్యూటరూ రెండూ ఒంట్లో ఎలా ఉందో చెప్పవు. మనిషి చెబుతాడు. ఆ మాట వినాలని నాకు జీవితమంతా కోరిక.

డిపార్ట్‌మెంట్ నుంచి క్యాంటీనుకు దగ్గర దారి వేరే ఉంది. నేను మాత్రం మెడిసిన్ వార్డు వరండా మీదుగానే వెళ్ళేదాన్ని. సాయంత్రం క్యారియర్లు పట్టుకొచ్చిన చుట్టాలు మెట్ల మీద కూర్చుని, లోపలివాళ్ళు ఎంత తిన్నారో చెప్పుకునేవారు. ‘ఇవాళ రెండు ముద్దలు తిన్నాడండి’ అనే మాట ఆ వరండాలో ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట నాతో ఎవరైనా అంటే బాగుండుననిపించేది. టీ చల్లారిపోయేది, నేను కదిలేదాన్ని కాదు.

కొన్నేళ్ళకు మా విభాగానికి కొత్త పని పెట్టారు. మందులు వికటించిన కేసులు వార్డుల్లో తిరిగి సేకరించి పైకి పంపాలి. మా వాళ్ళెవరికీ ఇష్టం లేదు, నేను అడిగి మరీ తీసుకున్నాను. వార్డులో నాకు కుర్చీ వేసినవాళ్ళు లేరు. సిస్టర్లు నన్ను చూసి, ‘కాగితాల మేడమ్ వచ్చారు’ అనుకునేవారు. చీఫ్ అయితే రౌండ్లో పిల్లలందరి ముందూ, ‘ఏంటి మేడమ్, కప్పలు అయిపోయాయా, మనుషుల మీద పడ్డారు’ అనేవాడు. నవ్వినవాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. అందులో ఇద్దరు ఇప్పుడు ప్రొఫెసర్లు.

భక్తి ముదిరిన కుర్రాడు

సత్తిబాబు అందాం. పేరు మార్చాను. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లారీలకు ఎక్కించే పని. పాతికేళ్ళుంటాయేమో. వాంతులతో వచ్చాడు. అంతకు ముందు కూడా కొన్ని నెలలకోసారి ఇలాగే వచ్చి, సెలైన్లు ఎక్కించుకుని, తగ్గగానే వెళ్ళిపోయేవాడట. ఎక్కడో ప్రైవేటు ఆసుపత్రిలో అపెండిక్స్ తీసేశారు. వాంతులు ఆగలేదు. ఎండోస్కోపీలో ఏమీ లేదు, స్కానులోనూ లేదు. ఈసారి ఒంట్లో నీరు పోయి కిడ్నీ పరీక్షలు చెడిపోతున్నాయి. పేగు ఎక్కడో ఉండుండి మూసుకుంటోందని చీఫ్ అనుమానం. సర్జన్లు కడుపు కోసి చూద్దామన్నారు. మర్నాటి జాబితాలో పేరు పెట్టారు.

నేను వెళ్ళినప్పుడు మంచం ఖాళీగా ఉంది. వాళ్ళమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. సిస్టర్ ఆమెను గట్టిగా కేకలేస్తోంది, వార్డులో హీటరు కడ్డీ పెట్టొద్దని, మొత్తం ఫ్యూజు పోతోందని. ఆవిడ ప్లాస్టిక్ బకెట్లో కడ్డీ పెట్టి నీళ్ళు కాస్తోందట. కొడుకు బాత్రూములో ఉన్నాడు.

మందుల వివరాలు అడుగుతూ కొడుకు సంగతి కదిపాను. ఆవిడ కళ్ళల్లో నీళ్ళతోనే ఒక రకమైన గర్వం కూడా కనిపించింది.

‘మా వాడికి దేవుడంటే ఇది వరకు పట్టేది కాదు డాక్టరమ్మగారూ. ఈ ఏడు కార్తీకం పట్టాడండి. నీచు ముట్టడు. పొద్దున్న ఓసారి, మధ్యాహ్నం ఓసారి, సాయంత్రం ఓసారి తలమీద నీళ్ళు పోసుకుంటానే ఉంటాడండి. ఇంత భక్తి ఉన్నోడికి ఇదేం పరీక్షోనండి.’

అన్నం సయించనివాడు నీచు మానడం ఆశ్చర్యం కాదు. కానీ ఆ స్నానాలు నా మనసులో పడ్డాయి. కార్తీకంలో మా వైపు ఎవరైనా తెల్లవారక ముందే గోదావరికో కాలవకో వెళ్ళి చన్నీళ్ళలో మునుగుతారు. వణుకుతూ మునగడమే ఆ స్నానం. బకెట్లో పొగలు వస్తున్నాయి.

‘గోదాట్లో మునిగాడా అమ్మా, ఒక్కసారైనా?’ అని అడిగాను.

‘అదేనండి నాకూ అర్థం కాదు. గోదారి అంత దగ్గర పెట్టుకుని రానంటాడండి. చన్నీళ్ళు పడితే మళ్ళీ వాంతులంటాడు. వేణ్ణీళ్ళు, అవీ మరిగిపోతుండాలండి. దాక్షారామం తీసుకెళ్తే కూడా గుడి ముందు నిలబడి, ఇంటికి పోదాం అమ్మా, నీళ్ళు పెట్టు అన్నాడు.’

నేను అక్కడే నిలబడిపోయాను. కడుపులో తిప్పుతున్నంతసేపూ మరిగే నీళ్ళు పోసుకుంటేనే హాయిగా ఉండే జబ్బు ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి రోజూ గంజాయి తాగేవాళ్ళలో కొందరికి వస్తుంది. నేను దాన్ని చదవడమే కాని చూడలేదు. పైనుంచి, మన్యం నుంచి దిగే సరుకు ఎక్కడెక్కడ దొరుకుతుందో రోజూ పేపర్లో వస్తూనే ఉంటుంది. మా మెడిసిన్ వార్డులో ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

మీకు నా మొదటి మాట ఇదే. రోగి ఇంట్లో ఏ ఆచారం పాటిస్తున్నారో వినండి, దాన్ని ఎలా పాటిస్తున్నారో కూడా అడగండి. స్నానం అన్నారు కదా అని వదిలేయకండి.

చీఫ్ చేసిన పని

సంగతి చీఫ్‌కు ఆయన గదిలో, తలుపు వేసి, నెమ్మదిగా చెప్పాను. సర్జరీ ఒక్కరోజు ఆపమన్నాను. ఆయన పెన్ను మూత తీసి పెడుతూ విన్నాడు. విని లేచి నేరుగా వార్డులోకి వెళ్ళాడు. పీజీలు, సిస్టర్లు, పక్క మంచాలవాళ్ళు అందరూ వింటుండగా ఆ తల్లితో అన్నాడు:

‘మేడమ్ గారు మీవాడు గంజాయి తాగుతాడంటున్నారు. ఏమ్మా, నిజమేనా?’

ఆవిడ ముందు ఆయన వైపు, తర్వాత నా వైపు చూసింది. సత్తిబాబు కళ్ళు మూసుకున్నాడు. తాగనని తల అడ్డంగా ఊపాడు. పోలీసు కేసవుతుందేమోనని పక్క మంచం ఆయన తన మంచం కాస్త జరుపుకున్నాడు.

‘కార్తీకమాసంలో నా బిడ్డ మీద ఇంత నింద వేస్తారాండి’ అని ఆవిడ నన్నే అంది, చీఫ్‌ను కాదు. ‘మీకు పిల్లలు లేరాండి?’

నాకు లేరు. చీఫ్‌కు ఆ సంగతి తెలుసు. బయటికి వచ్చాక, ‘అయిపోయింది కదా, మీ క్లాసులు మీరు చెప్పుకోండి’ అన్నాడు. ఆయన వైద్యం మీద నాకు గౌరవం ఉండేది. ఆ రోజు వార్డు మధ్యలో నిలబడి రోగి గుట్టు బయటపెట్టిన పద్ధతిని మాత్రం నేను క్షమించలేదు. ఆయన రిటైరయ్యాక తమ ఇంట్లో పెళ్ళికి పిలవడానికి వచ్చినప్పుడు కూడా ఆ మాట ఎత్తాను. వీధి గుమ్మంలోనే కాఫీ తాగి వెళ్ళాడు.

లారీ మీద నిలబడ్డవాడు

మధ్యాహ్నం ఆ తల్లి మందుల షాపుకు వెళ్ళింది. నేను వార్డులోకి వెళ్ళి సత్తిబాబు మంచం చివర కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో ఒక రోగి మంచం మీద కూర్చోవడం అదే మొదలు. మణికట్టు పట్టుకుంటే నాడి పల్చగా, వేగంగా కొట్టుకుంటోంది.

ఏమీ అడగడానికి రాలేదని, ఒక సంగతి చెప్పి వెళ్ళిపోతానని అన్నాను. గంజాయి ఒంట్లో ఏం చేస్తుందనే ఈ పాఠం చెబుతానని మా హెడ్‌ను చాలాసార్లు అడిగాను. పరీక్షలో రాదని గంట ఇచ్చేవారు కాదు. ఆ పాఠం నేను మొదటిసారి చెప్పింది అరటి గెలలు మోసే కుర్రాడికి.

లారీలోకి గెలలు అందిస్తుంటే పైన నిలబడి సర్దేవాడు ఉంటాడు కదా అన్నాను. కిందివాళ్ళు తొందరపడి అందించేస్తుంటే పైవాడు, ‘ఆగండ్రా, సర్దనివ్వండి’ అంటాడు. మన నరాల్లోనూ అంతే. ఒక నరం పక్క నరానికి కబుర్లు అందిస్తూ ఉంటుంది. అవి మరీ జోరుగా వస్తుంటే అందుకునే నరం వెనక్కి ఒక చిన్న పదార్థాన్ని పంపుతుంది, నెమ్మదించమని. అలాంటి వాటిలో ఒకదానికి కనిపెట్టినవాళ్ళు మన ‘ఆనందం’ అనే మాట తీసుకుని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఒళ్ళు దాన్ని నిలవ ఉంచుకోదు. అవసరమైనప్పుడు కణం పొరలోని కొవ్వులోంచి అక్కడికక్కడ తయారవుతుంది, పని కాగానే విరిగిపోతుంది. దాన్ని అందుకోవడానికి కణాల మీద గ్రాహకాలుంటాయి. ఆకలి, నిద్ర, నొప్పి, భయం, వికారం, వీటన్నిటి దగ్గరా ఆ ‘ఆగు’ అనే మాట పని చేస్తుంది.

గంజాయిలో ఉన్న పదార్థం అదే గ్రాహకాల మీద కూర్చుంటుంది. కాని అది ఒక్కచోట ఆగదు, ఒళ్ళంతా వెళుతుంది. తొందరగా విరగదు. కొవ్వులో చేరి రోజుల తరబడి ఉంటుంది.

‘పొద్దస్తమానం ఆగండి, ఆగండి అని అరిచేవాడు లారీ మీద ఉంటే మీరేం చేస్తారు?’ అని అడిగాను.

సత్తిబాబు నా వైపు తిరిగాడు. ‘పట్టించుకోం అండి. ఆడి మానాన ఆణ్ణి అరవనిచ్చి మా పని మేం చేసుకుంటాం.’

‘గ్రాహకాలు కూడా అంతే. కొన్ని లోపలికి ముడుచుకుపోతాయి. ఉన్నవి మాట వినవు. అప్పుడు నీ ఒంట్లో పుట్టిన ఆనందమైడ్ వచ్చి చెప్పినా వినేవాళ్ళుండరు.’

అతను పైకప్పు వైపు చూస్తూ మెల్లగా అడిగాడు. ‘కడుపులో కూడా ఉంటాయాండి అయ్యి?’

ఉంటాయన్నాను. ఇంకేమీ అడగనవసరం లేకపోయింది.

‘మొదట్లో వికారం ఆపింది అదేనండి. రెండు దమ్ములు లాగితే తగ్గిపోయేది. అందుకే ఎక్కువ చేశానండి.’

అది నిజమే, కొద్దిగా తీసుకున్నప్పుడు వికారాన్ని ఆపుతుంది. అందుకే వాంతులకు గంజాయే కారణమంటే రోగులు నమ్మరు, డాక్టర్లూ నమ్మరు. ఏళ్ళ తరబడి వాడాక కొందరిలో అదే తిరగబడుతుంది. ఎందుకు కొందరిలోనే అన్నది ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలియనిది తెలియదనే అతనికీ చెప్పాను.

‘మా అమ్మకి చెప్పకండి మేడమ్ గారూ. పొద్దున్న నమ్మలేదు కదా. అలాగే ఉండనివ్వండి.’

చెప్పనని మాట ఇచ్చాను. ఆ మాట ఖరీదు అప్పుడు నాకు తెలియలేదు.

మిరప మంట

వేణ్ణీళ్ళు ఎందుకు పని చేస్తాయంటే, చర్మంలో వేడిని పసిగట్టే గ్రాహకాలు వేరే ఉన్నాయి. మిరపకాయ మంట కూడా వాటికే తెలుస్తుంది. వాటిని గట్టిగా కదిపితే, కడుపు గోల మెదడుకు వినిపించడం తగ్గుతుందని ఒక ఆలోచన. మోకాళ్ళ నొప్పులకు రాసుకునే మిరప సారం మలాము మందుల షాపులో దొరుకుతుంది. అది పొట్ట మీద రాస్తే ఈ వాంతులు తగ్గిన కేసులు నేను చదివి ఉన్నాను.

మందు రాసే అధికారం నాకు లేదు. అదే యూనిట్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మాధవి ఒకప్పుడు నా విద్యార్థిని. ఆమెకు అంతా చెప్పాను. సాయంత్రంలోగా తగ్గకపోతే పొద్దున్నే థియేటరుకు పంపుతానని, తగ్గితే సర్జన్లతో తనే మాట్లాడతానని అంది. కేసు షీటులో తన సంతకంతో రాసింది. చీఫ్ మాటకు ఎదురెళ్ళి ఆమె ఆ సంతకం పెట్టింది. ధైర్యం అంటే అది.

తల్లి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. మలాము తానే తీసుకుని, మాధవి చూపించినట్టు రాసింది. సత్తిబాబు పళ్ళు బిగబట్టాడు. పొట్ట ఎర్రబడింది. మండుతోందన్నాడు. కాసేపటికి, ‘మంటగానే ఉందండి, తిప్పడం తగ్గింది’ అన్నాడు. అంతకుముందు ఏ ఇంజెక్షనుకూ లొంగనిది అది. బాత్రూముకు వెళ్ళలేదు. సెలైను ఎక్కుతుండగా నోరు తెరిచి నిద్రపోయాడు. సర్జరీ జాబితాలోంచి పేరు తీశారు. కిడ్నీ పరీక్షలు తర్వాత మెల్లగా దారికొచ్చాయి.

నేను వరండాలో నిలబడ్డాను. లోపల నాకు పని లేదు.

డిశ్చార్జి రోజున తల్లి చక్రకేళి గెల తెప్పించి చీఫ్ గదిలో పెట్టించింది. ఆయన దాన్ని స్టాఫ్ అందరికీ పంచాడు. మా డిపార్ట్‌మెంటుకు ఒక్క హస్తం పళ్ళు కూడా రాలేదు. తర్వాత ఒక సదస్సులో ఆయన ఈ కేసు చదివాడు. చివరి స్లైడులో ‘ఫార్మసీ విభాగానికి కృతజ్ఞతలు’ అని ఉంది. మాధవి పేరు అసలే లేదు.

మానేశాక

వాంతులు ఆగడంతో కథ అయిపోదు, ఇది మీరు గుర్తుంచుకోవాలి. మానితేనే మళ్ళీ రాకుండా ఉంటుంది. మానిన మొదటి వారాలు నరకం. సత్తిబాబు ఎవరికీ చెప్పుకోలేక నా దగ్గరికి వచ్చేవాడు. పంటి నొప్పి అనో, రక్తపరీక్ష అనో వాళ్ళమ్మకు చెప్పి కాకినాడ బస్సెక్కేవాడు. ఫార్మకాలజీ డిపార్ట్‌మెంటుకు రోగి రావడం మా అటెండరు ఎన్నడూ చూడలేదు. ‘ఓపీ అటేనయ్యా’ అని మొదటిసారి తిప్పి పంపేశాడు కూడా.

నా ఎదుటి కుర్చీలో కూర్చుని తన ఒంట్లో ఎలా ఉందో చెప్పేవాడు. నిద్ర పట్టడం లేదు. పట్టినా పిచ్చి కలలు. మేస్త్రీ మాటంటే కొట్టాలనిపిస్తోంది. అన్నం మట్టిలా ఉంది. ముడుచుకున్న గ్రాహకాలు మళ్ళీ పైకి రావడానికి కొన్ని వారాలు పడుతుందని చెప్పేదాన్ని. మానసిక వైద్యుల దగ్గరికీ పంపాను. వెళ్ళాడు, కానీ తిరిగి నా దగ్గరికే వచ్చి కూర్చునేవాడు.

ఒకసారి అన్నాడు. ‘మొదటిసారి తాగినప్పుడు గోదారి గట్టు మీద కూర్చున్నామండి. గాలి కూడా తియ్యగా ఉందండి. అది మళ్ళీ రాదాండి?’

అది రాదని చెప్పాను. అబద్ధం చెప్పి పంపడం నాకు చేతకాదు. నీ ఒళ్ళు తయారు చేసుకునేది అంత పెద్దది కాదు, చిన్నది, వచ్చి వెంటనే పోయేది, ఆకలేసినప్పుడు అన్నం రుచిగా ఉండేటంత అన్నాను. అతను ‘అంతేనాండి’ అన్నాడు.

అంతే అన్నాను.

ఒకరోజు వచ్చి, పప్పుచారుతో రెండోసారి పెట్టించుకున్నానని చెప్పాడు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను, అతనికి నా ముఖం కనిపించకుండా. ఆ తర్వాత రాలేదు.

క్లినికల్ డాక్టర్లకు ఇది అలవాటు. నయమైనవాడు తిరిగి రాడు, రాకూడదు. వాళ్ళు ఏళ్ళ తరబడి కొన్ని వందలమందిని అలా పోగొట్టుకుని గట్టిపడతారు. నాకు గట్టిపడే అవకాశం రాలేదు. రిటైరయ్యేదాకా తలుపు దగ్గర చెప్పుల చప్పుడైతే తలెత్తి చూసేదాన్ని.

పోయిన చలికాలం తణుకులో మా చెల్లెలి ఇంటి నుంచి వస్తున్నాను. రావులపాలెంలో బస్సు ఆగింది. అక్కడ ఎప్పుడు ఆగినా నేను కిటికీ వైపే కూర్చుంటాను. రోడ్డు పక్క టిఫిను బండి దగ్గర సత్తిబాబు, వాళ్ళమ్మ. ఒళ్ళు చేశాడు. చేతిలో పెసరట్టు ప్లేటు. ఆవిడ ముందు నన్ను చూసింది. గుర్తుపట్టింది. పెదవి బిగించి కొడుకుతో ఏదో అంది. ఏమని ఉంటుందో నాకు తెలుసు. ఆవిడ దృష్టిలో నేను కార్తీకమాసంలో ఆమె బిడ్డ మీద నింద వేసినదాన్నే, ఇకముందూ అంతే. నిజం చెప్పగలిగినవాడు ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు.

సత్తిబాబు తలెత్తాడు. ఒక్క క్షణం సూటిగా నా కళ్ళలోకి చూశాడు. నమస్కారం పెట్టలేదు. బండివాడి వైపు తిరిగి ప్లేటు చాచాడు, ఇంకొకటి వెయ్యమని.

దిగి వెళ్ళి అతని మణికట్టు పట్టుకుని ఒక్కసారి నాడి చూడాలనిపించింది. బస్సు కదిలింది. గౌతమి బ్రిడ్జి వైపు తిరిగేదాకా వెనక్కే చూస్తూ కూర్చున్నాను. అతను ఇంకా తింటున్నాడు.